క్లాసులో పజిల్స్: టీచర్లలో ఉండే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

నేను లెక్కల టీచర్ని. వారానికో పీరియడ్ పిల్లల చేతికి పజిల్స్ ఇస్తాను. చెక్క బిళ్లలు, అట్టముక్కలు, డొమినోలు (రెండు గడులంత పొడవుండే పలకలు) లాంటివి, చేత్తో పట్టుకుని జరపగలిగేవి. ఇన్నేళ్లలో తోటి టీచర్ల దగ్గర, తల్లిదండ్రుల దగ్గర మళ్లీ మళ్లీ విన్న మాటలు కొన్ని ఉన్నాయి. మొదట్లో వాటిలో కొన్ని నేనూ నమ్మాను.

అపోహ: ఇది ఆట. సిలబస్ వెనకబడుతుంది.

వాస్తవం: హనోయ్ టవర్ తీసుకోండి. ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త ఎదువార్ ల్యూకా 1883లో తెచ్చిన పజిల్ ఇది. మూడు కడ్డీలుంటాయి. ఒకదానిలో పెద్ద బిళ్ల అడుగున, చిన్నది పైన వచ్చేలా పేర్చి ఉంటాయి. సారికి ఒక్క బిళ్లే తియ్యాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు, మొత్తం దొంతర ఇంకో కడ్డీకి మారాలి. మూడు బిళ్లలకు కనీసం 7 ఎత్తులు, నాలుగుకు 15, అయిదుకు 31. ఈ అంకెలు నేను చెప్పను. పిల్లలే లెక్కపెట్టి పట్టిక రాసుకుంటారు. "ప్రతిసారీ రెట్టింపు, ఇంకొకటి" అని ఎవరో ఒకరు అంటారు. ఎందుకు అని అడిగితే చేతులు మళ్లీ బిళ్లల మీదికి వెళ్తాయి. అడుగు బిళ్ల కదలాలంటే పైనున్నవన్నీ పక్క కడ్డీకి పోవాలి, అది కదిలాక అవన్నీ మళ్లీ దాని మీదికి రావాలి. ఘాతాంకాల పాఠం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి దారి నాకు దొరకలేదు.

అపోహ: లెక్కల్లో చురుకైన పిల్లలకే ఇవి పనికొస్తాయి.

వాస్తవం: చకచకా లెక్కలు చేసే పిల్లలే ఇక్కడ ముందు విసుక్కుంటారు. ఏ సూత్రం వాడాలో చెప్పమంటారు. ఎప్పుడూ చెయ్యెత్తని ఒక అమ్మాయి నాలుగో బిళ్లను వేళ్ల మధ్య పట్టుకుని, దించకుండా చాలాసేపు అలాగే ఆలోచించడం చూశాను. ఆ తర్వాత ఒక్క తప్పు ఎత్తు లేకుండా పూర్తిచేసింది. ఆ పిల్ల అంత ముందుచూపుతో ఆలోచించగలదని నా పరీక్ష పేపర్లు ఎన్నడూ చెప్పలేదు.

అపోహ: పిల్లలు ఆగిపోతే టీచర్ సాయం చెయ్యాలి.

వాస్తవం: ఈ పొరపాటు నేనే చేశాను. ఒక అబ్బాయి తంటాలు పడుతుంటే జాలేసి, వంగి ఒక బిళ్ల జరిపాను. వాడు రెండు చేతులూ ఒళ్లో పెట్టేసుకున్నాడు. ఆ పీరియడ్ అంతా మళ్లీ ముట్టుకోలేదు. అప్పట్నుంచి పిల్లల ముక్కల మీద చెయ్యి వెయ్యను. "ఇప్పటిదాకా ఏం చేసి చూశావు? ఏది కుదరదని తేలింది?" అని అడుగుతాను. మరీ టెన్షన్ పడుతుంటే అయిదు బిళ్లల్లో మూడు తీసి పక్కన పెట్టి, ముందు రెండింటితో చెయ్యమంటాను.

అపోహ: ఖరీదైన కిట్లు కావాలి.

వాస్తవం: అట్ట, కత్తెర, గళ్ల కాగితం చాలు. అయిదు గడుల్ని అంచులు కలిసేలా అతికిస్తే ఎన్ని ఆకారాలొస్తాయో పిల్లల్నే కత్తిరించి చూడమనండి. తిప్పినా బోర్లించినా ఒకటే అనుకుంటే 12 వస్తాయి. పన్నెండు దొరికాక, ఇక లేవని ఎలా చెప్పగలం అన్నదే అసలు చర్చ.

ఒక్క జాగ్రత్త. జట్టుకు ఇద్దరే ఉండాలి. నలుగురుంటే ఒకరు ఆడతారు, ముగ్గురు చూస్తారు.

అపోహ: జవాబు లేని పజిల్ ఇస్తే పిల్లలు నిరుత్సాహపడతారు.

వాస్తవం: నా క్లాసులో అన్నిటికన్నా వేడిగా నడిచే పీరియడ్ ఇదే. 64 గడుల చెస్ బోర్డులో ఎదురెదురు మూలల్లోని రెండు గడులు కత్తిరించేస్తాను. 62 మిగులుతాయి. ఒక్కో డొమినో రెండు గడుల్ని కప్పుతుంది కాబట్టి 31 డొమినోలు సరిపోవాలి. పరచండి చూద్దాం అంటాను. మొదట రంగు వెయ్యని గళ్లే ఇస్తాను, అది ముఖ్యం. చివర్లో ఎప్పుడూ కనీసం రెండు గడులు విడివిడిగా మిగిలిపోతాయి. మళ్లీ తీసి మళ్లీ పేరుస్తారు. "సార్, ఇది కుదరదు" అని ఒకరంటే, "నీకు కుదరలేదా, ఎవరికీ కుదరదా?" అని అడుగుతాను. అక్కడ క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

అప్పుడు నలుపు తెలుపు గళ్ల బోర్డు ఇస్తాను. డొమినో ఎలా పెట్టినా ఒక నల్లగడి, ఒక తెల్లగడి కప్పుతుంది. కత్తిరించిన మూలలు రెండూ ఒకే రంగు. అంటే ఒక రంగువి 32, ఇంకోదానివి 30. ఇక ఎన్ని రోజులు కూర్చున్నా కుదరదు. అంతసేపు ఓడిపోయామనుకున్న పిల్లలు ఒక్కసారిగా బల్లల మీంచి లేస్తారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్ల దగ్గర నిరూపణ ఉంది.

కిందటిసారి ఒక పిల్లవాడు బోర్డు చేతిలో పట్టుకుని వచ్చాడు. "సార్, ఒక నల్లది, ఒక తెల్లది తీసేస్తే? ఎక్కడివైనా సరే, అప్పుడు కుదురుతుందా?" కుదురుతుంది, ఏ రెండు తీసినా. అది మాత్రం వాడికి చెప్పలేదు. కత్తెర ఇచ్చాను.