తూము మూసినంత మాత్రాన మడి తడవదు

విజయవాడ నుంచి ఒక తల్లి రాశారు. కొడుక్కి ఎనిమిదేళ్లు. క్లాసులో కుదురుగా ఉండడు, లెక్క సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లిపోతాడు, తరచూ పెన్సిల్ బాక్సు పోగొట్టుకొస్తాడు. పిల్లల సైకియాట్రిస్టు చూసి ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవని, కుదురు లేని సమస్య) అన్నారు, మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు రాశారు. ఇంట్లో గొడవ మొదలైంది. అత్తగారు "పసివాడికి మత్తుమందు పెడతారా" అంటున్నారు. భర్త "చిన్నప్పుడు నేనూ ఇంతే, వాడే సర్దుకుంటాడు" అంటున్నారు. మాత్రలు కొన్నవి కొన్నట్టే బీరువాలో ఉన్నాయి. ఇవ్వాలా, వద్దా అని ఆవిడ ప్రశ్న.

ఏడీహెచ్‌డీ లక్షణాల జాబితా ఇక్కడ మళ్లీ రాయను, అది ఎక్కడ వెతికినా దొరుకుతుంది. ఆ మాత్ర తలలోకి వెళ్లి ఏం చేస్తుందన్నది మాత్రం తెలుగులో ఎవరూ విడమరచి చెప్పరు. అది తెలిస్తే అత్తగారి భయంలో నిజమెంతో, భర్తగారి ధీమాలో నిజమెంతో ఇట్టే తేలిపోతుంది.

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్ల్స్ బ్రాడ్లీ అనే డాక్టరు, ప్రవర్తనలో ఇబ్బందులున్న 30 మంది పిల్లలకి బెంజిడ్రిన్ అనే ఆంఫెటమిన్ ఇచ్చి చూశాడు. వాళ్లలో 14 మంది చదువులో ఉన్నట్టుండి బాగా మెరుగయ్యారు. హుషారు తెప్పించే మందు పిల్లల్ని నెమ్మదిపరచడం ఆ రోజుల్లో పెద్ద వింత. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పనిజోన్ అనే రసాయనవేత్త మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య మార్గరీట్‌ని ఇంట్లో రీటా అని పిలిచేవాడు. రిటాలిన్ అన్న పేరు అలా వచ్చింది. అయితే ఆ మాత్ర పని చేసే తీరు మనిషి మెదడులో కళ్లకు కట్టడానికి ఇంకో యాభై ఏళ్లు పైనే పట్టింది.

వరి మడిని ఊహించుకోండి. ఒక వైపు నుంచి కాలువ నీళ్లు వస్తాయి. పల్లం వైపు గట్టుకి తూము ఉంటుంది, ఎక్కువైన నీళ్లు దాంట్లోంచి పోతాయి. మడిలో నీళ్లు ఎంత లోతున నిలుస్తాయన్నది ఈ రెండిటి మీదా ఆధారపడి ఉంటుంది. మెదడులో రెండు నాడీకణాల మధ్య ఉండే సన్నటి సందు ఇలాంటి మడే. ఒక కణం డోపమిన్ అనే రసాయనాన్ని ఆ సందులోకి వదులుతుంది. అది అవతలి కణాన్ని తాకుతుంది. ఆ వెంటనే మొదటి కణం గోడలోని ఒక ప్రోటీన్ డోపమిన్‌ని వెనక్కి లాగేస్తుంది. ఈ ప్రోటీన్ పేరు డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్, మన తూము ఇదే. మడి తూముకీ దీనికీ ఒక తేడా ఉంది. ఇందులోంచి పోయినది వృథా కాదు, మళ్లీ కాలువలోకే చేరుతుంది.

మిథైల్‌ఫెనిడేట్ చేసే పని ఈ తూముకి అడ్డం పడడం. అది కొత్తగా నీళ్లు పొయ్యదు. వచ్చిన నీళ్లు వెంటనే జారిపోకుండా కాసేపు నిలబెడుతుంది, అంతే. నోరా వోల్కో అనే శాస్త్రవేత్త బృందం అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో, మెదడు లోపలి రసాయనాల తీరుని చూపించే పెట్ స్కాన్లతో దీన్ని చూసింది. మామూలుగా డాక్టర్లు రాసే మోతాదు సగం తూములకి పైగా మూసేస్తుందని తేలింది.

అత్తగారి మాటని కొట్టిపారెయ్యకూడదు అనడానికి కారణం ఇక్కడే ఉంది. కొకెయిన్ మూసేది కూడా ఈ తూమునే. మరి ఒకటి మందూ ఇంకొకటి మత్తుపదార్థమూ ఎలా అయ్యాయి? తేడా అంతా వేగంలో ఉంది. కొకెయిన్ నిమిషాల్లో చాలా తూములని మూసేస్తుంది, నీటిమట్టం ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మెదడు ఆ ఎగదన్నడాన్నే కిక్కుగా గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ కావాలంటుంది. మింగిన మాత్ర పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి మెల్లగా చేరుతుంది. తూము పూర్తిగా పట్టుబడడానికి గంట, గంటన్నర పడుతుంది. అంత నిదానంగా పెరిగితే కిక్కు ఉండదు. అదే మాత్రని నూరి ముక్కుతో పీలిస్తే కథ మారిపోతుంది. అందుకే మన దేశంలో మిథైల్‌ఫెనిడేట్‌ని మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కింద జాబితాలో పెట్టారు. ఇంట్లో హాస్టల్ వయసు అన్నయ్యో అక్కయ్యో ఉంటే మాత్రలకి తాళం వేసి ఉంచాలి. డాక్టరు చెప్పిన మోతాదులో మింగే ఎనిమిదేళ్ల పిల్లాడు మాత్రం దానికి బానిస అవుతాడని భయపడక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మన బంధువులు పిల్లలకి ఇచ్చే ఆడరాల్ వేరు. అది ఆంఫెటమిన్. అది తూముని మూయడంతో ఆగదు, వెనక్కి నడిపిస్తుంది. కణంలో దాచుకున్న డోపమిన్ తూములోంచే మడిలోకి ఎదురు పారుతుంది. ఆ మందు మన దేశంలో అమ్మరు. "మా అక్క వాళ్లబ్బాయికి పడింది" అని అక్కడి నుంచి తెప్పించుకోవడం ప్రమాదం.

మడిలో నీళ్లు తక్కువైతే నేల నెర్రెలిస్తుంది. మరీ ఎక్కువైతే పైరు పిలక వెయ్యదు, కుళ్లుతుంది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది అచ్చం ఇదే స్వభావం. యేల్ విశ్వవిద్యాలయంలో ఎయిమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీని మీదే పని చేశారు. మనం ఒక విషయాన్ని మనసులో పట్టుకుని ఉంచేది అక్కడి కణాలే. నోరడ్రినలిన్ అనే ఇంకో రసాయనం ఆ కణాల మీద ఆల్ఫా-2ఏ గ్రాహకాలకి (రసాయనాన్ని అందుకునే చోట్లకి) అతుక్కుంటే కణంలో సందేశాలు మోసే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది, హెచ్‌సీఎన్ అనే అయాన్ ద్వారాలు మూసుకుంటాయి, పట్టుకోవాల్సిన సంకేతం గట్టిపడుతుంది. డోపమిన్ డీ1 గ్రాహకాల మీద మితంగా పనిచేస్తే అనవసరమైన సంకేతాలు అణుగుతాయి. అంటే ఒకటి టీచర్ గొంతుని పెంచుతుంది, ఇంకొకటి కిటికీ బయటి సందడిని తగ్గిస్తుంది. డీ1 మీద డోపమిన్ మితిమీరితే అవసరమైనదీ కానిదీ అంతా అణిగిపోతుంది.

అప్పుడు పిల్లాడు నోరు మెదపకుండా ఒక్కచోట కూర్చుంటాడు. మాట తగ్గుతుంది, నవ్వు తగ్గుతుంది. అరవై మంది ఉన్న క్లాసులో అది టీచర్‌కి హాయిగానే ఉంటుంది. "ఇప్పుడు చాలా బుద్ధిగా ఉంటున్నాడండీ" అని మెచ్చుకుంటారు కూడా. దయచేసి ఆ మెప్పుకి సంతోషపడిపోకండి, మడి మునిగిందని దాని అర్థం. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి మోతాదు తగ్గించమనాలి. సరైన మోతాదులో పిల్లాడు తన అల్లరితో, తన నవ్వుతో ఉంటూనే లెక్క చివరిదాకా చేస్తాడు.

ఇంకో విచిత్రం ఏమిటంటే ప్రీఫ్రంటల్‌లో డోపమిన్ తూములు చాలా తక్కువ. అక్కడ డోపమిన్‌ని కూడా నోరడ్రినలిన్ తూమే తోడేస్తుంది. ఆటమాక్సెటిన్ అనే మందు ఆ రెండో తూముని మాత్రమే మూస్తుంది. అందువల్ల అది ఉత్తేజకం కాకపోయినా ఏడీహెచ్‌డీకి పనికొస్తుంది. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది, మిథైల్‌ఫెనిడేట్ అంత గట్టిగా పని చెయ్యదు. మొదటి మందు పడని పిల్లలకి అది మంచి దారి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది కాలువ సంగతి. 2004లో వోల్కో బృందం ఆరోగ్యంగా ఉన్న 16 మంది పెద్దవాళ్లకి మాత్ర ఇచ్చి, ఒకసారి లెక్కలు చేయించారు, ఇంకోసారి ఊరికే బొమ్మలు చూపించారు. లెక్కలు చేస్తున్నప్పుడు డోపమిన్ పెరిగింది. బొమ్మలు చూస్తున్నప్పుడు పెరగలేదు. మాత్ర ఒకటే, తూము మూసుకోవడమూ ఒకటే. లెక్క అనే కాలువ పారినప్పుడే మడి నిండింది. లెక్కలు మామూలు కన్నా ఆసక్తిగా అనిపించాయని వాళ్లే చెప్పారు.

కాలువ ఎండితే తూము ఎంత గట్టిగా మూసినా ఏం లాభం? 2022లో విలియం పెల్హమ్ బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 173 మంది పిల్లల మీద చేసిన పరిశీలనలో ఇదే బయటపడింది. వాళ్లు 7 నుంచి 12 ఏళ్ల వాళ్లు. మందు వేసుకున్న రోజుల్లో నిమిషానికి 37 శాతం ఎక్కువ లెక్కలు చేశారు, క్లాసులో అల్లరి సగానికి పైగా తగ్గింది. కొత్త పాఠం నేర్చుకోవడంలో మాత్రం మందు ఉన్నా లేకున్నా తేడా రాలేదు. మాత్ర పిల్లాణ్ణి బల్ల దగ్గర కూర్చోబెడుతుంది, పాఠం అర్థమయ్యేలా చెప్పాల్సింది మాత్రం మనిషే. గైడులో జవాబులు బోర్డు మీదికి ఎక్కించి, నోట్సు రాసుకోమని చెప్పే చదువు మాత్ర వేసుకోని పిల్లాడికే నీళ్లు పెట్టదు. ఇరవై లెక్కలు ఒక్కసారి ఇవ్వకుండా ఐదేసి ఇవ్వడం, ఐదు కాగానే చూసి బాగుందనడం, ముందు బెంచీలో కూర్చోబెట్టడం, మధ్యలో లేచి తిరగనివ్వడం లాంటివి పైసా ఖర్చు లేని పనులు. వీటిని మందు పని చెయ్యకపోతే చూద్దాంలే అనుకోకండి. మందు పని చెయ్యాలంటేనే ఇవి కావాలి.

"మాత్ర వేస్తే కుదిరాడు కదా, కాబట్టి వాడికి ఏడీహెచ్‌డీ ఉన్నట్టే" అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఇది తప్పు. 1978లో జుడిత్ రాపొపోర్ట్ బృందం ఏ ఇబ్బందీ లేని 14 మంది అబ్బాయిలకి డెక్స్‌ట్రోఆంఫెటమిన్ ఇచ్చింది. వాళ్లు కూడా నెమ్మదించారు, వాళ్ల శ్రద్ధ కూడా పెరిగింది. తూము మూస్తే ఎవరి మడిలోనైనా నీళ్లు నిలుస్తాయి. బ్రాడ్లీ కాలం నాటి వింతకి విడుపు ఇదే. రోగ నిర్ధారణ మందుకి ముందే, జాగ్రత్తగా జరగాలి. చూపు, వినికిడి, నిద్ర పరీక్షించాలి. ఇబ్బంది ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా ఉందా, ఆరు నెలలకి పైగా ఉందా అని అడగాలి.

వాడి అసలు వయసెంతో కూడా చూడాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో డిసెంబర్ 31 నాటికి నిండిన వయసుని బట్టి తరగతి నిర్ణయిస్తారు. అంటే జనవరిలో పుట్టిన పిల్లాడికీ డిసెంబర్‌లో పుట్టిన పిల్లాడికీ ఏడాది తేడా ఉన్నా ఒకే క్లాసు. 2012లో అక్కడ లెక్క తీస్తే, డిసెంబర్‌లో పుట్టిన అబ్బాయిలకి ఏడీహెచ్‌డీ అని చెప్పడం 30 శాతం ఎక్కువగా, మందు ఇవ్వడం 41 శాతం ఎక్కువగా ఉంది. క్లాసులో అందరికన్నా చిన్నవాడు కావడమే వాళ్లలో కొందరి జబ్బు. మన దగ్గర ఏడాది కలిసొస్తుందని పుట్టిన తేదీ వెనక్కి జరిపించి బడిలో వేసే ఇళ్లు ఎన్ని లేవు! సర్టిఫికెట్‌లో ఎనిమిదేళ్లున్న పిల్లాడికి నిజంగా ఏడేళ్లే అయితే ఆ మాట డాక్టరుకి సిగ్గుపడకుండా చెప్పెయ్యాలి.

ఇన్ని చెప్పాక నా జవాబు: నిర్ధారణ సరిగ్గా జరిగి ఉంటే, పిల్లాడికి ఆరేళ్లు దాటి ఉంటే, చదువూ స్నేహాలూ దెబ్బతింటుంటే, ఇవ్వండి. ఆరేళ్ల లోపు వాళ్లకైతే ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. "వాడే సర్దుకుంటాడు" అని వదిలేసిన వాళ్లలో అందరూ సర్దుకోరు. స్వీడన్‌లో 25,000 మందికి పైగా ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ల రికార్డులు చూస్తే, మగవాళ్లు మందు వాడుతున్న కాలంలో నేరాల్లో ఇరుక్కోవడం 32 శాతం తక్కువగా ఉంది.

మందుకి ధర కూడా ఉంది. ఆకలి తగ్గుతుంది, నిద్ర ఆలస్యమవుతుంది. అమెరికాలో 579 మంది పిల్లలతో జరిగిన ఎంటీఏ అధ్యయనం 1999లో వెలువడింది. 14 నెలల తర్వాత చూస్తే, మందుని నెలనెలా సరిచూస్తూ ఇచ్చిన పిల్లల్లో లక్షణాలు బాగా తగ్గాయి. మూడేళ్లయ్యేసరికి వేర్వేరు చికిత్సలు పొందిన గుంపుల మధ్య తేడా చెరిగిపోయింది. ఆ నెలనెలా చూడడం 14 నెలలకే ఆగిపోయిందని నేను ప్రత్యేకంగా గుర్తుచేస్తాను. కొత్తగా మందు మొదలుపెట్టిన పిల్లలు మూడేళ్లలో, మందు వాడని వాళ్లకన్నా సుమారు 2 సెంటీమీటర్లు పొట్టిగా, 2.7 కిలోలు తేలిగ్గా ఉన్నారు. కాబట్టి మాత్రకి ముందే కడుపు నిండా టిఫిన్ పెట్టండి, మందు దిగిపోయే సాయంత్రం వేళ మళ్లీ పెట్టండి, ఎత్తూ బరువూ గోడ మీద కాకుండా పుస్తకంలో రాసిపెట్టండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉంటే మొదటి మాత్రకి ముందే చెప్పాలి.

దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం, జ్ఞాపకశక్తికని లేహ్యం నాకించడం పక్కన నడుస్తూనే ఉంటాయి. వాటి తర్వాత పిల్లాడు కుదిరినట్టు అనిపించడంలో అబద్ధమేమీ లేదు, నిజంగానే అలా అనిపిస్తుంది. 1994లో ఒక ప్రయోగంలో కొందరు తల్లులకి "మీ వాడికి చక్కెర ఇచ్చాం" అని చెప్పారు. ఇచ్చినది చక్కెర కాదు. అయినా పిల్లాడు ఎగిరెగిరి పడుతున్నాడని ఆ తల్లులు గట్టిగా చెప్పారు. మనం ఎదురుచూసేదే మన కంటికి కనబడుతుంది. మాత్ర విషయంలోనూ ఇది వర్తిస్తుంది.

ఇంతకీ ఎన్నాళ్లు వాడాలి? 2007లో ఫిలిప్ షా బృందం 223 మంది ఏడీహెచ్‌డీ పిల్లల మెదళ్లని, అంతే సంఖ్యలో మామూలు పిల్లల మెదళ్లతో పోల్చింది. మెదడు పైపొరలో సగం చోట్లు పూర్తి మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో 7.5 ఏళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో 10.5 ఏళ్లు. ఎదుగుదల క్రమం అదే, మూడేళ్లు ఆలస్యం. కొందరికి పెద్దయ్యాక కూడా మందు కావాలి, కొందరికి అక్కర్లేకుండా పోతుంది. అందుకని ఏడాదికోసారి డాక్టరుతో మాట్లాడి కొద్ది రోజులు ఆపి చూడాలి. అది ఎండాకాలం సెలవుల్లో వద్దు, సెలవుల్లో ఏ పిల్లాడైనా బాగానే ఉంటాడు. పరీక్షలు లేని మామూలు బడి వారాల్లో ఆపండి. ఏ వారం ఆపారో క్లాస్ టీచర్‌కి ముందుగా చెప్పకుండా, రెండు వారాల తర్వాత అడగండి.