గుండె మందులు మధ్యలో ఎందుకు ఆగిపోతాయి? అపోహలు - వాస్తవాలు

గుండె జబ్బుల విభాగంలో ఫార్మసిస్టుగా నేను రోజూ వినే మాటలివి.

అపోహ: స్టెంట్ వేశారు, అడ్డు తొలగింది. ఇక మాత్రలెందుకు?

వాస్తవం: స్టెంట్ తెరిచింది ఆ ఒక్క చోటునే. రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే జబ్బు అలాగే ఉంది. పైగా స్టెంట్ అంటే లోహపు జాలీ. రక్తనాళపు లోపలి పొర దాన్ని కప్పేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అందుకే గడ్డ కట్టకుండా ఆస్పిరిన్‌కు తోడు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ ఇస్తారు. గుండెపోటు వచ్చినవారు ఆస్పిరిన్‌ను, దానికి తోడుగా ఇచ్చిన మందును కలిపి మామూలుగా 12 నెలలు వాడాలి. రక్తస్రావం భయం ఉన్నవారికి డాక్టరే గడువు తగ్గిస్తారు. పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణం మీదికి వస్తుంది. ముందు గుండె డాక్టరును అడగండి.

అపోహ: కొలెస్ట్రాల్ నార్మల్‌కు వచ్చింది, దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర మానేయవచ్చు.

వాస్తవం: మాత్ర వేసుకుంటున్నారు కనుకే వచ్చింది. మానేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది.

అపోహ: మందులు మానేసేవాళ్లకు నిర్లక్ష్యం ఎక్కువ.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. గుండె వైఫల్యం ఉన్న ఒక పెద్దావిడ మందుల సంచిని బల్ల మీద గుమ్మరిస్తే, నీరు పోయే మాత్రలు సగానికి పైగా మిగిలి ఉన్నాయి. "బస్సులో రెండు గంటల ప్రయాణం బాబూ, మధ్యలో ఎక్కడ దిగను?" అంది. డాక్టరును అడిగితే, ప్రయాణం ఉన్న రోజు ఇంటికి చేరాక వేసుకోమన్నారు. సమస్య తీరిపోయింది. అదే సంచిలో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర రెండు కంపెనీల పేర్లతో కనిపించింది. వేరువేరు మందులనుకుని ఆవిడ రెండూ వేసుకుంటోంది!

కొందరికి డబ్బు చాలదు, ఆ మాట నోరు తెరిచి చెప్పలేరు. రోజు విడిచి రోజు మింగి నెట్టుకొస్తారు. జన ఔషధి కేంద్రాల్లో చాలా గుండె మందులు జనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టిన పేరుతో కాకుండా మందు అసలు పేరుతో, తక్కువ ధరకు దొరుకుతాయి. డాక్టరును అడిగి మార్చుకోవచ్చు.

ఇంట్లోవాళ్లకో మాట. "వేసుకున్నావా, లేదా?" అని గదమాయిస్తే "వేసుకున్నా" అనే జవాబే వస్తుంది. "ఈ వారంలో ఏ మాత్ర తప్పింది, ఎందుకు తప్పింది?" అని నెమ్మదిగా అడగండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల చీటీతోపాటు ఇంట్లో ఉన్న షీట్లన్నీ, సగం వాడినవి కూడా, పట్టుకెళ్లండి.