యూటా జింకల డ్రా: పిల్లల కోటా గొడవ 30 ఏళ్ల కిందటి మంచులో మొదలైంది

అమెరికాలోని యూటా రాష్ట్రంలో వేట పర్మిట్ల డ్రా ఫలితాలు వచ్చినప్పుడల్లా ఒకే గొడవ లేస్తుంది. ఏళ్ల తరబడి అప్లై చేస్తున్న తమకు రాని పర్మిట్ నిన్నగాక మొన్న తుపాకీ పట్టిన పిల్లలకు ఎలా వచ్చిందని సీనియర్లు అడుగుతారు. సాధారణ సీజన్ మగ జింకల పర్మిట్లలో 20 శాతం 17 ఏళ్లు, అంతకు తక్కువ వయసువాళ్లకు పక్కన పెట్టడం మీదే వాళ్ల కోపమంతా. పెద్ద జంతువుల వేటకు కనీస వయసు 12. అంటే ఒక పిల్లకు ఈ కోటా పనికొచ్చేది మహా అయితే ఆరు సీజన్లు.

ఈ గొడవ అర్థం కావాలంటే 1992-93 చలికాలం దగ్గర ఆగాలి. ఆ ఏడాది మంచు విపరీతంగా కురిసింది. మేత అందక మ్యూల్ డీర్ జింకలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. అప్పటిదాకా అక్కడ జింకల వేట అంటే ఇంటిల్లిపాదీ షాపుకెళ్లి పర్మిట్ కొనుక్కోవడం, అక్టోబర్ రాగానే కొండల్లో గుడారం వేసుకోవడం. పిల్లలకు ప్రత్యేకంగా కోటా అవసరమే లేదు, వేట వయసుకొచ్చాక తండ్రితో పాటు వాళ్లకూ దొరికేది. 1994లో రాష్ట్రం ఆ పర్మిట్లకు 97 వేల దగ్గర గీత గీసింది. మందలు కోలుకోవాలంటే అది తప్పని పని, తప్పుపట్టడానికి లేదు.

కానీ అదే కాలంలో ఇంకో రెండు జరిగాయి. పర్మిట్లు కొద్దిగానే ఇచ్చే లిమిటెడ్ ఎంట్రీ వేటలకు 1993లో బోనస్ పాయింట్లు వచ్చాయి: డ్రాలో పేరు రాకపోతే ఏడాదికో పాయింట్. ఏటా జింక పర్మిట్‌కు హామీ ఇచ్చే లైఫ్‌టైమ్ లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. అప్పటికే కొన్నవాళ్లకు మాత్రం ఆ హక్కు ఇప్పటికీ నడుస్తోంది. అప్పటికి పుట్టని పిల్లల సంగతి ఎవరికీ తట్టినట్టు లేదు. నా లెక్కలో ఈ గొడవకు వేరు అదే. ఆ తర్వాత వచ్చిన కోటాలు, మినహాయింపులన్నీ ఆ మరుపుకు వేసిన అతుకులు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ పద్ధతి చెప్పకుండానే తెలుస్తుంది: సగం గ్రీన్‌కార్డ్ లైను, సగం హెచ్-1బి లాటరీ. హెన్రీ మౌంటెన్స్, పాన్సాగంట్ లాంటి పేరున్న లిమిటెడ్ ఎంట్రీ యూనిట్లలో (వేట ప్రాంతాల్లో) సగం పర్మిట్లు అందరికన్నా ఎక్కువ పాయింట్లున్నవాళ్లకు పోతాయి. మిగతా సగానికి లాటరీ. అందులోనూ అయిదు పాయింట్లున్న మనిషికి కంప్యూటర్ ఆరు నంబర్లు తీసి, వాటిలో మేలైనది ఉంచుతుంది. కొత్తగా వచ్చిన పిల్లకు ఒక్కటే నంబర్. 2025లో 12 నిండిన అమ్మాయి సున్నాతో మొదలుపెడితే, 1993 నుంచి ఏటా అప్లై చేస్తూ డ్రా తగలనివాళ్లు 30 పాయింట్లు దాటి కూర్చున్నారు. కిందటేడు సరిపోయిన పాయింట్లు ఈ ఏడు చాలవు. దీన్నే వేటగాళ్లు పాయింట్ క్రీప్ అంటారు. 20 శాతం కోటా ఈ యూనిట్లకు వర్తించదు కూడా. పక్కనున్న కొలరాడోలో ఇంకా కష్టం: పాయింట్లు బాగా పెరిగిపోయిన వేటల్లో కొంత వాటా లాటరీకి పెట్టారు గానీ, ఆ లాటరీలో పేరు వేయాలంటేనే కనీసం అయిదు పాయింట్లుండాలి. 12 ఏళ్లకు మొదలుపెట్టిన పిల్లాడు అక్కడికి చేరేసరికి 17 వస్తాయి.

ఇంకో మాట. 1965 తర్వాత పుట్టినవాళ్లకు యూటాలో మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైతే తప్ప లైసెన్స్ రాదు. అంతకుముందు పుట్టినవాళ్లకు ఆ షరతు లేదు. అంటే కోర్సు చదివి, పరీక్ష రాసి, గురి చూపించుకున్న పిల్లలు, ఆ పరీక్షే అక్కర్లేని పెద్దల వెనక నిలబడుతున్నారు.

సీనియర్ల వాదనలో న్యాయం లేకపోలేదు. నియమం పెట్టింది రాష్ట్రం, దాన్ని నమ్మి ముప్పై ఏళ్లు ఫీజు కట్టింది వాళ్లు. పిల్లల పేరు మీద పర్మిట్ తీసుకుని ట్రిగ్గర్ నొక్కేది పెద్దలేనన్న ఫిర్యాదూ ఉంది. అలా చేసినవాళ్లను పట్టుకోవడం వేట నియమాలు చూసే వార్డెన్ల పని, దానికోసం కోటా కోసేయాలనడం సబబు కాదు. పైగా తండ్రో తాతో తన పర్మిట్‌ను పిల్లలతో పంచుకునే మెంటర్ పద్ధతి యూటాలోనే ఉంది. ఆరిజోనాలో అయితే ట్యాగ్‌ను (అంటే పర్మిట్‌ను) 10 నుంచి 17 ఏళ్ల కొడుక్కో మనవరాలికో ఏకంగా రాసివ్వొచ్చు.

పిల్లలు రావడం రాష్ట్రానికీ అవసరమే. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులు, తూటాల పన్ను డబ్బు రాష్ట్రాలకు పంచేటప్పుడు సగం లెక్క భూ విస్తీర్ణం, సగం లెక్క లైసెన్సులు కొన్నవాళ్ల సంఖ్య. పాతవాళ్లు తుపాకీ దించేసి, కొత్తవాళ్లు పట్టకపోతే జింకల సంరక్షణకు వచ్చే డబ్బే తగ్గుతుంది.

2012లో యూటా జింకల వేటను అయిదు ప్రాంతాల నుంచి 30 యూనిట్లకు విడగొట్టింది. తాతల నాటి గుడారం ఉన్న కొండకు తండ్రికి పర్మిట్ వచ్చి, కూతురికి వేరే కొండకు రావడం అప్పటినుంచి మామూలైంది. తర్వాత కరువులు, 2022-23లో మళ్లీ భారీ మంచు. ఈ మధ్య ఏళ్లలో సాధారణ సీజన్ పర్మిట్లు 70-80 వేల దగ్గర ఆడుతున్నాయి. తమ వాటా పిల్లలు లాక్కుంటున్నారనేవాళ్లు ఈ లెక్క చూడాలి. 97 వేలలో 20 శాతమంటే 19,400. 70 వేలలో అయితే 14,000. జింకలు తగ్గినప్పుడు కోత పిల్లలకూ పడుతోంది.