సన్నమొన బిట్టు మీద భ్రమలు: ఎస్‌ఎండీ సోల్డరింగ్‌లో అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కర్నూలు, కడప ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "ఎస్‌ఎండీ పార్టులకు (రంధ్రాల్లోకి కాళ్లు దిగకుండా బోర్డు పైనే అంటించే చిన్న పార్టులకు) ఏ సోల్డరింగ్ ఐరన్ కొనాలి?" ఐరన్ కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి, బిట్టు (ఐరన్ వేడి మొన) ఆకారం, ఫ్లక్స్ (లోహం మీది మురికి తీసి సోల్డర్ బాగా పారేలా చేసేది). డబ్బు మొదట వాటికే పెట్టండి.

అపోహ: పార్టు ఎంత చిన్నదైతే బిట్టు అంత సన్నగా ఉండాలి.

ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఈ నమ్మకంతోనే. సూదిమొన బిట్టు ప్యాడ్‌ను (పార్టు అంటించే రాగి చోటును) ఒక్క చుక్కంత చోటే తాకుతుంది, వేడి దిగదు. ప్యాడ్ గ్రౌండ్ రాగికి (బోర్డు మీద పరిచిన పెద్ద రాగి పొరకు) కలిసి ఉంటే ఆ కాస్త వేడినీ రాగే లాగేసుకుంటుంది. సోల్డర్ కరగడం లేదని ఉష్ణోగ్రత 420 డిగ్రీలకు పెంచుతారు. దాంతో ఫ్లక్స్ మాడుతుంది, బిట్టు నల్లబడుతుంది, చివరికి ప్యాడ్ ఊడి వస్తుంది.

0805 అనే సైజు రెసిస్టర్ 2 × 1.25 మి.మీ., 0603 అయితే 1.6 × 0.8 మి.మీ. వీటికి 1.6 నుంచి 2.4 మి.మీ. ఉలి ఆకారపు బిట్టు చక్కగా సరిపోతుంది. వరస కాళ్ల ఐసీలకు (చిప్‌లకు) కత్తి బిట్టు గానీ, ఏటవాలుగా కోసిన బిట్టు గానీ మేలు.

ముందు ఒక ప్యాడ్‌కే కొద్దిగా సోల్డర్ పెట్టండి. దాన్ని కరిగిస్తూ ట్వీజర్‌తో పార్టును పక్కనుంచి జరపండి. ఐరన్ తీశాక సోల్డర్ గట్టిపడేదాకా ట్వీజర్ వదలకండి. తర్వాతే రెండో ప్యాడ్. సిరామిక్ కెపాసిటర్ ఒంటికి బిట్టు తగలనివ్వకండి. కంటికి కనబడని పగులు వస్తుంది.

అపోహ: వేడి పెంచితే పని తొందరగా అవుతుంది.

63/37 సోల్డర్ (63% తగరం, 37% సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది, బిట్టు 320-350 ఉంటే చాలు. లెడ్ లేని సోల్డర్ సుమారు 217 దగ్గర కరుగుతుంది, దానికి 350-370 పెట్టుకోండి. మూడు సెకన్లలో పారకపోతే బిట్టు మార్చండి, లేదా ఫ్లక్స్ వేయండి. సోల్డర్ వైరు 0.5 మి.మీ. తీసుకోండి. 1 మి.మీ. వైరుతో సన్నకాళ్ల మధ్య షార్టులే మిగులుతాయి.

అపోహ: వైరులోనే ఫ్లక్స్ ఉంది, వేరే ఎందుకు?

వైరులోని ఫ్లక్స్ బిట్టు మీదే పొగై పోతుంది. ఐసీ కాళ్లకు విడిగా నో-క్లీన్ (తర్వాత కడగక్కర్లేని) జెల్ ఫ్లక్స్ కావాలి. దాన్ని రాసి, ఎదురెదురు మూలల్లో రెండు కాళ్లు అంటించి, మిగతా వరసంతా బిట్టుతో మెల్లగా లాగండి. రెండు కాళ్లు కలిసిపోతే అక్కడ ఇంకాస్త ఫ్లక్స్ వేసి 2 మి.మీ. విక్‌తో (సోల్డర్‌ను పీల్చుకునే రాగి అల్లికతో) తీసేయండి. పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ బోర్డు దగ్గరికే రాకూడదు, రాగిని తినేస్తుంది.

ఇంకో పొరపాటు పేరుతోనే జరుగుతుంది. షాపులో డబ్బాలో దొరికే 'సోల్డరింగ్ పేస్టు' ఫ్లక్స్ మాత్రమే. 'సోల్డర్ పేస్టు' అంటే లోహపు పొడి కలిపినది, ఎక్కువ రకాలను ఫ్రిజ్‌లో ఉంచాలి. మే నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో కొరియర్‌లో తెప్పిస్తే పాడయ్యే ప్రమాదముంది. వేసవికి ముందే కొనుక్కోండి.

అపోహ: రెండు పిన్నుల 25 వాట్ల ఐరన్ చాలు.

నాలుగు రెసిస్టర్లకు పని జరుగుతుంది. కానీ దానికి కంట్రోల్ లేదు. ఊరికే ఉంచితే బిట్టు వేడెక్కిపోతుంది, రాగి దొరికితే చల్లబడిపోతుంది. 60 వాట్ల దగ్గర, ఉష్ణోగ్రత సెట్ చేసుకునే, మూడు పిన్నుల స్టేషన్ తీసుకోండి. ప్లగ్ తీసేసి, బిట్టుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్ పెడితే 2 ఓములలోపు చూపాలి. అది బాగున్నా గోడలోని ఎర్త్ బాగుండాలి కదా. మన ఎండిన నేలల్లో వేసవికి ఎర్త్ గుంత ఆరిపోతుంది, అప్పుడప్పుడు నీళ్లు పోయించండి. గాలిలో తేమ లేనప్పుడు స్టాటిక్ కూడా ఎక్కువే. మాస్‌ఫెట్లు (స్టాటిక్‌కు సులువుగా పాడయ్యే ట్రాన్సిస్టర్లు) ముట్టుకునే ముందు రిస్ట్ స్ట్రాప్ (స్టాటిక్‌ను ఎర్త్‌కు పంపే మణికట్టు పట్టీ) కట్టుకోండి.

అపోహ: హాట్ ఎయిర్ (వేడి గాలి ఊదే పరికరం) లేకుండా ఎస్‌ఎండీ కాదు.

0603కు, కాళ్లు బయటికి కనబడే ఎస్‌ఓఐసీ, టీక్యూఎఫ్‌పీ రకం ఐసీలకు అక్కర్లేదు. బయటికి కాళ్లు లేకుండా, పొట్ట కింద ప్యాడ్ ఉన్న క్యూఎఫ్‌ఎన్ రకం ఐసీకి మాత్రం కావాలి. అదీ లేదంటే, బోర్డు గీసేటప్పుడే ఆ ప్యాడ్ మధ్య 2 మి.మీ. ప్లేటెడ్ రంధ్రం పెట్టుకుంటే వెనకనుంచి ఐరన్‌తోనే సోల్డర్ నింపవచ్చు.