ఆర్త్రోప్లూరా: వీడియోల్లో చూపించేదంతా నిజమేనా?

శిలాజాల మీద పనిచేస్తానని తెలియగానే ఎవరో ఒకరు ఫోన్ తీసి, ఎప్పుడో అంతరించిన ఆర్త్రోప్లూరా అనే రాక్షస జెర్రి వీడియో చూపిస్తారు. "ఇది నిజంగా ఉండేదా సార్?" అని అడుగుతారు. ఉండేది. మిగతా కథలోనే మసాలా ఎక్కువ.

అపోహ: అది మాంసం తినే జెర్రి.

వాస్తవం: జెర్రి కంటే రోకలిబండ పురుగుకే (మిల్లిపీడ్) అది దగ్గరి చుట్టం. దానికి 1854లోనే పేరు పెట్టారు కానీ, తల పూర్తిగా ఎలా ఉండేదో 2024 వరకు తెలియలేదు. ఫ్రాన్స్‌లోని మోంసో-లె-మీన్ బొగ్గు ప్రాంతంలో దొరికిన పిల్ల ఆర్త్రోప్లూరాలను రాయి పగలగొట్టకుండానే సీటీ స్కాన్ చేశారు. ఒంటి ఖండాలకు రెండేసి జతల కాళ్ళు, అచ్చం రోకలిబండ లెక్క. దవడలు మాత్రం జెర్రి పోలిక. కళ్ళు పీతకున్నట్టు కాడల మీద! వేటాడటానికి జెర్రికి ఉండే విషపు కొండీలు దీనికి లేవు. రాలిన ఆకులు, కుళ్ళిన మొక్కలు తిని బతికేదని అంచనా. వీడియోల్లో కనిపించే ఎర్రరంగు ఆర్టిస్టు సొంత ఊహ.

అపోహ: కారంత పొడవుండేది.

వాస్తవం: 2018లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్ తీరంలో, హోవిక్ దగ్గర కొండ అంచు నుంచి పడి పగిలిన ఇసుకరాయిలో ఒక ముక్క బయటపడింది. పొడవు సుమారు 75 సెంటీమీటర్లు, అంతే. దాన్నిబట్టి కట్టిన లెక్క: వెడల్పు 55 సెంటీమీటర్లు, పొడవు 2.6 మీటర్ల వరకు, బరువు 50 కిలోల దాకా. ఆల్టో కారే మూడున్నర మీటర్లుంటుంది. పైగా అది కళేబరం కూడా కాకపోవచ్చు. విడిచిన కుబుసంలో ఇసుక నిండి, పాత నది కాలువలో అలాగే మిగిలిపోయిందని పరిశోధకుల అభిప్రాయం.

అపోహ: గాలిలో ఆక్సిజన్ ఎక్కువుండబట్టే అంత పెరిగింది.

వాస్తవం: పుస్తకాల్లో కూడా ఇదే రాస్తారు. కానీ హోవిక్ ముక్క వయసు 32.6 కోట్ల ఏళ్ళు. ఆక్సిజన్ 30 శాతం దాటింది ఆ తర్వాతే. అప్పటికి ఇవాళ్టి 21 శాతం కన్నా కొంచెమే ఎక్కువ. ఆక్సిజన్ సాయం కొంత ఉంటే ఉండొచ్చు, అదొక్కటే కారణమంటే నేనొప్పుకోను. పుష్కలంగా తిండి, నేల మీద పోటీపడే పెద్ద జంతువులు లేకపోవడం కూడా లెక్కలోకి రావాలి.

అపోహ: డైనోసార్లతో కలిసి తిరిగింది.

వాస్తవం: అవి పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందే అంతరించింది.

అపోహ: బొగ్గున్నచోట ఇది దొరుకుతుంది, సింగరేణిలోనూ వెతకొచ్చు.

వాస్తవం: దీని శిలాజాలు యూరప్, ఉత్తర అమెరికాల్లో దొరికాయి. అప్పట్లో ఆ నేలలు భూమధ్యరేఖ దగ్గరుండేవి. సింగరేణి ఉన్న గోదావరి లోయ బొగ్గు పెర్మియన్ కాలానిది (సుమారు 30 నుంచి 25 కోట్ల ఏళ్ళ కిందటిది), అప్పుడు మన నేల దూర దక్షిణాన గోండ్వానా అనే పాత మహాఖండంలో భాగం. అక్కడి షేల్ రాళ్ళలో నాలుకలాంటి ఆకు అచ్చు కనిపిస్తే అది గ్లోసాప్టెరిస్ అనే అంతరించిన మొక్కది అయ్యుండొచ్చు. దాన్ని మాత్రం నీళ్ళు పోసి తోమకండి, నల్లటి పొర ఊడిపోతుంది.