రాయిలా గట్టిపడిన రొమ్మును పిసకకండి

మా చెల్లికి పాప పుట్టిన తొమ్మిదో రోజు, రాత్రి రెండింటికి ఫోన్ చేసి ఏడ్చింది. ఎడమ రొమ్ము చంక దగ్గర్నుంచి ఒక పక్కంతా ఎర్రగా కంది, ముట్టుకుంటే కాలిపోతోంది, లోపల రాయి పెట్టినట్టుంది అంది. పాలగడ్డ కట్టిందని మా అమ్మమ్మ సాయంత్రమే ఆముదం రాసి, వేడినీళ్ల టవల్‌తో కాపడం పెట్టి, గడ్డ కరగాలని గట్టిగా పిసికిందట. తెల్లారేసరికి ఎరుపు ఇంకా పాకింది, జ్వరం 102 చూపించింది.

అమ్మమ్మను తప్పుపట్టలేం, ఎందుకంటే డాక్టర్లు కూడా మొన్నమొన్నటి దాకా ఇంచుమించు ఇదే చెప్పారు: వేడి పెట్టు, మసాజ్ చెయ్యి, ఆ రొమ్మును పూర్తిగా ఖాళీ చెయ్యి. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే అంతర్జాతీయ డాక్టర్ల సంస్థ ఈ సలహాను దాదాపు తిరగేసింది. చల్లటి కాపడం పెట్టండి, నొక్కకండి, బిడ్డకు ఎంత కావాలో అంతే పట్టండి అంది. ఈ మాట మన ఊళ్లలో బాలింతల మంచాల దాకా ఇంకా రాలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

పాలగడ్డ అనగానే గొట్టంలో బిరడా బిగుసుకున్నట్టు ఊహించుకుంటాం, గట్టిగా నొక్కితే ఊడొస్తుందనుకుంటాం. అసలు రొమ్ము లోపల ఏముందో మనకు తెలిసిన కథే చాలాకాలం పాతది. 1840లో లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్, చనిపోయిన బాలింతల రొమ్ముల్లోకి రంగు మైనం ఎక్కించి, పాలనాళాల బొమ్మలు గీయించి పుస్తకం వేశాడు. నూటయాభై ఏళ్లకు పైగా వైద్య పుస్తకాలు చాలావరకు ఆ బొమ్మల మీదే నడిచాయి. 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు పాలిచ్చే తల్లులను అల్ట్రాసౌండ్‌తో చూస్తే, చనుమొనకు చేరే నాళాలు పుస్తకాల్లో రాసినట్టు 15–20 కాదు, సగటున 9 తేలాయి. పాలు నిలవ ఉంటాయనుకున్న తిత్తులు చనుమొన వెనక కనబడనే లేదు. ఆ నాళాలు రెండు మిల్లీమీటర్ల వెడల్పు, కొంచెం ఒత్తితే మూసుకుపోయేంత మెత్తన.

చాలాసార్లు జరిగేది ఇది: నాళాల చుట్టూ ఉన్న కండకు వాపొస్తుంది, నీరు చేరుతుంది, ఆ వాపు నాళాన్ని బయటినుంచి నొక్కేస్తుంది, పాలు వెళ్లే దారి సన్నబడుతుంది. అలాంటిచోట బొటనవేళ్లతో పిసికితే సన్నటి రక్తనాళాలు చితికి వాపు ఇంకా పెరుగుతుంది. వేడి పెడితే ఆ చోటికి రక్తం మరింత చేరుతుంది. కాలు బెణికినప్పుడు ఐస్ పెడతాం కదా, ఇదీ అలాంటిదే.

కానీ బాలింతకు ఐసా! మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, చన్నీళ్లు ముట్టుకోనివ్వని చోట ఐస్‌ముక్కలు తెమ్మంటే అమ్మమ్మ ఎలా ఒప్పుకుంటుంది? గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పైన ఉంచితే ఆ చలువ ఒంట్లోకంతా పాకదు, జలుబు చేయదు, పాలు చల్లబడవు. డాక్టరమ్మ ఈ మాట నాతో కాకుండా నేరుగా అమ్మమ్మతోనే చెప్పింది. ఆ సాయంత్రం తన పాత నూలు చీర చింపి ఐస్ చుట్టి తెచ్చింది అమ్మమ్మే.

నొప్పికి, వాపుకు ఇబుప్రోఫెన్ గానీ పారాసిటమాల్ గానీ పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు, మోతాదు మాత్రం డాక్టరును అడగండి, కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య, ఆస్తమా ఉంటే తప్పకుండా చెప్పండి.

ఇంకో పొరపాటు పంపుతో జరుగుతుంది. గడ్డ ఉంది కదా అని పాప తాగాక కూడా పంపు పెట్టి చివరి చుక్క దాకా పిండుతారు. ఎంత తీస్తే అంత తయారు చేయడం రొమ్ము పద్ధతి, ఇంట్లో కవలలున్నారేమో అన్నట్టు మర్నాడు ఇంకా ఎక్కువ పాలు పడతాయి, మళ్లీ బిగుసుకుంటుంది. పాలు తగ్గించాలంటే మన దక్షిణాదిన రొమ్ములకు మల్లెపూలు కట్టే అలవాటుంది. వెల్లూరు డాక్టర్లు 1988లో దాన్ని ఒక మందుతో పోల్చి చూసి, పూలు కట్టినవాళ్లలోనూ పాలు తగ్గాయని, పాలు పుట్టించే ప్రొలాక్టిన్ హార్మోను మాత్రం మందుతోనే ఎక్కువ తగ్గిందని రాశారు. నాకు చాలా ఇష్టమైన పరిశోధన ఇది. కానీ బిడ్డకు పాలు కావాల్సిన తల్లి పూలు కట్టుకోకూడదు, అదనంగా పిండటం మానితే చాలు.

కాన్పయిన రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పడేటప్పుడు వచ్చే బిగువు వేరు. మాయ బయటకు వచ్చాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పడిపోయి పాలు ఒక్కసారిగా పెరుగుతాయి. వాటితోపాటు రక్తమూ నీరూ చేరతాయి, కాన్పప్పుడు ఎక్కించిన సెలైన్ దానికి తోడు. రెండు రొమ్ములూ బిర్రుగా సాగి చనుమొన చదునైపోతుంది, చంటిది పట్టుకోలేక జారిపోతూ ఏడుస్తుంది. అప్పుడు పాలు పట్టేముందు చనుమొన చుట్టూ నల్లటి చోట వేళ్ల కొసలు ఆనించి, ఛాతీ వైపుకి మెల్లగా ఒక నిమిషం నొక్కి ఉంచండి. నీరు వెనక్కి జరిగి ఆ చోటు మెత్తబడుతుంది, బిడ్డ నోటికి అందుతుంది.

చనుమొన పగుళ్లకు కారణం చాలావరకు పట్టే తీరే. బిడ్డ మొన ఒక్కటే పట్టుకుంటే అది గట్టి అంగిటికి నలిగి చీరుకుపోతుంది. నోరు బాగా తెరిచే దాకా ఆగి, గడ్డం ముందు రొమ్ముకు తగిలేలా దగ్గరకు తీసుకోండి, కింది పెదవి బయటకు తిరగాలి, నల్లటి భాగం నోట్లోకి పోవాలి. తాగి వదిలాక చనుమొన లిప్‌స్టిక్ కొసలా ఏటవాలుగా నలిగి కనబడితే పట్టు కుదరలేదన్నమాట. లాగేయకుండా, చిటికెన వేలు పెదవి మూల దూర్చి పట్టు వదిలించి మళ్లీ పట్టించండి. ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. మూడో రోజు వచ్చినప్పుడు సిగ్గుపడకుండా ఆమె ముందే పాలు పట్టి చూపించండి.

జ్వరం, చలి, ఒళ్లునొప్పులు మొదలై, ఒక రోజులో తగ్గుముఖం పట్టకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లండి, బాగా నీరసించిపోతే ఆ ఒక్కరోజూ ఆగొద్దు. అప్పటికి బాక్టీరియా, ఎక్కువగా స్టెఫైలోకోకస్ ఆరియస్, చేరి ఉండవచ్చు, యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడాలి. పాలు మాన్పించక్కర్లేదు, ఆ రొమ్ము పాలు కూడా బిడ్డకు హాని చేయవు. వాపున్నప్పుడు పాలల్లో సోడియం పెరిగి కొంచెం ఉప్పగా ఉంటాయి, అందుకని కొందరు పిల్లలు ఆ పక్క మొహం తిప్పుకుంటారు. మా పాప అలా తిప్పుకుంటే పాలు విరిగాయని మా చెల్లి ఎంత కుంగిపోయిందో. చీము పట్టి మెత్తటి గడ్డగా మారితే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో తీస్తారు. వారాలు గడిచినా కరగని గడ్డను పాలగడ్డే కదా అని వదిలేయకుండా స్కానింగ్ చేయించండి.

చెల్లికి మూడో రోజు జ్వరం పోయింది, ఎరుపు తగ్గింది, పాప మళ్లీ ఎడమవైపు తాగింది. శనగగింజంత గట్టితనం మాత్రం ఇంకో పదిరోజులు చేతికి తగులుతూనే ఉంది, దాన్ని ఎవ్వరం పిసకలేదు.