గెనీజా కాగితాలు, ముస్లిం పాలనలో ఆడవాళ్ళు: అపోహలు - వాస్తవాలు

"ముస్లిం దేశాల్లో ఆడవాళ్ళ చరిత్ర చదవాలనుంది మేడమ్. పాత యూదు రాతలతో నాకేం పని?" హైదరాబాద్‌లో అరబిక్ చదివే ఆడపిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. గెనీజా అంటే యూదులు పాత రాతలను పారేయకుండా దాచే గది; నేను చెప్పేది ముస్లిం పాలనలో ఉన్న కైరో యూదుల గెనీజా గురించి. ఈ అనుమానంతోనే కొందరు మంచి టాపిక్ చేతులారా వదిలేసుకుంటున్నారు.

అపోహ: అవన్నీ మతగ్రంథాలు, వాటిలో ఆడవాళ్ళు ఉండరు.

వాస్తవం: పాత కైరోలోని బెన్ ఎజ్రా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గదిలో తోరా, తల్మూద్ లాంటి యూదు మతగ్రంథాల ప్రతులు దొరికిన మాట నిజమే. వాటితో పాటే పెళ్ళి ఒప్పందాలు, విడాకుల పత్రాలు, వీలునామాలు, భర్త జాడ తెలియని భార్యల అర్జీలు కూడా దొరికాయి. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చేరినవే సుమారు 1,93,000 ముక్కలు.

వుహ్షా సంగతి చూడండి. అసలు పేరు కరీమా, 1100 ప్రాంతంలో ఫుస్తాత్‌లో (ఇప్పటి పాత కైరో) వ్యాపారం చేసిన యూదు మనిషి. విడాకులయ్యాక హస్సూన్ అనే అతని వల్ల కొడుకు పుట్టాడు. యూదుల పెద్ద ఉపవాస దినం యోమ్ కిప్పూర్ రోజు సినగాగ్‌కి వెళితే అక్కడి పెద్ద ఆమెను బయటికి పంపేశాడు. అదే సినగాగ్‌కి కూడా తన వీలునామాలో డబ్బు రాసింది. జనం రాత్రిళ్ళు చదువుకోవడానికి దీపాల నూనెకి డబ్బు ఇచ్చింది. తన అంత్యక్రియలకు 50 దీనార్లు (బంగారు నాణేలు) పక్కన పెట్టింది, కొడుక్కి గురువుని కుదిర్చింది. ఓ మోస్తరు కుటుంబానికి నెలకు 2 దీనార్లు సరిపోయే రోజులవి! ఇంత కళ్ళెదుట ఉండగా "ఆ కాలంలో ఆడదానికి ఆస్తి ఎక్కడిది" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఇంకోటి. యూదు ధర్మశాస్త్రంలో కొడుకులుంటే కూతురికి వారసత్వం లేదు. ఇస్లామిక్ చట్టంలో కొడుకు వాటాలో సగం వస్తుంది. అందుకే కొందరు యూదు స్త్రీలు ఖాజీ దగ్గరికి కూడా వెళ్ళారు. వాళ్ళ పెద్దలకు అది నచ్చలేదు.

అపోహ: హీబ్రూ పండితులే చదవగలరు.

వాస్తవం: ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరబిక్కే, అక్షరాలు మాత్రం హీబ్రూవి. ఉన్నవి 22. అరబిక్ వచ్చినవాళ్ళకి సగం పని అయిపోయినట్టే.

ఒక అమ్మాయి వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి, "చుట్టాలేమంటారో మేడమ్, టెన్షన్‌గా ఉంది" అంది. ఆమె భయం నాకు అర్థమైంది. ఒక పెళ్ళి ఒప్పందం ఫోటో తీసి చూపించాను. కూతురు వేలు పెట్టి సారె లిస్టు చదివింది: బట్టలు, పరుపు, రాగి సామాను, ఒక్కోదాని ఎదురుగా ధర. కింద వరుడు ముందు ఇచ్చేదెంత, తర్వాత ఇవ్వాల్సిందెంత అని విడివిడిగా ఉంది. "మా మెహర్ కూడా ఇంతే కదా!" అంది ఆ తల్లి, కుర్చీ దగ్గరికి లాక్కుని.

అపోహ: ఇది మగవాళ్ళ చదువు. కాదు. 1896లో ఈ గెనీజా వైపు కేంబ్రిడ్జ్ పండితుడు సోలమన్ షెఖ్టర్ దృష్టి మళ్ళించిన రాతప్రతి పుట కొని తెచ్చింది ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల అక్కచెల్లెళ్ళు. కేంబ్రిడ్జ్ ఆడవాళ్ళకి పూర్తి డిగ్రీలు ఇచ్చింది ఆ తర్వాత ఎప్పుడో, 1948లో!

అపోహ: అంతా స్వర్ణయుగం. కాదు. దెబ్బలు తిన్న భార్యల మొరలు, బానిస స్త్రీల అమ్మకం పత్రాలు కూడా ఆ గదిలోవే.

చాలా ఫోటోలు కేంబ్రిడ్జ్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా ఉన్నాయి. పెళ్ళి ఒప్పందం పైభాగం అరామిక్ అనే పాత భాషలో ఉంటుంది, దాన్ని చూసి బెదరకండి. సారె లిస్టుతో మొదలుపెట్టండి.